సోనారి గాలి

సువర్ణరేఖ, ఖర్కాయి అనే రెండు నదులు కలిసే చోటును జంషెడ్‌పూరులోని సోనారివారు దోముహాని అంటారు. కార్తికమాసంలో ఛఠ్ పండుగ వచ్చినప్పుడు వేలాదిమంది స్త్రీలు, పురుషులు ఆ సంగమంలో నడుములోతు నీళ్లలో నిలిచి, మొదటి సాయంకాలం అస్తమించే సూర్యునికి, మరునాటి వేకువన ఉదయించే సూర్యునికి అర్ఘ్యమిస్తారు. ఉత్తరాన దల్మా కొండలు నీలంగా కనిపిస్తాయి. నైరుతిన నది దాటితే ఆదిత్యపురం కర్మాగారాల వాడ. వేకువ అర్ఘ్యమిచ్చే భక్తులు మొగం తిప్పే తూర్పు దిక్కుననే, నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, ఈ నగరానికి జన్మనిచ్చిన ఉక్కు కర్మాగారం ఉన్నది. చలి మొదలయ్యే ఆ దినాలలో పొగమంచు, పొగ కలిసిపోయి దిక్కంచున ఒక తెర కడతాయి. ఆ తెర చాటున సూర్యబింబం కుంకుమబొట్టువలె కనిపిస్తుంది. చూచేవారికి అది సుందరదృశ్యమే. ఆ ఎరుపులో ప్రకృతి పాలెంత, మానవుని పాలెంత అని అడిగేవారు తక్కువ.

ఉక్కునగరాల చరిత్ర సామాన్యంగా టన్నులలోనూ, తేదీలలోనూ వ్రాయబడుతుంది. మొదటి ఇనుము ఎన్నడు కరిగినది, మొదటి ఉక్కుముద్ద ఎన్నడు సాగినది అనే సంగతులు శిలాఫలకాల మీద ఉంటాయి. గాలికి శిలాఫలకం లేదు. నిన్నటి గాలి నేడు మిగలదు. పీల్చినవాని రొమ్ములో మాత్రమే దాని జాడ నిలుస్తుంది. అందువల్ల గాలి చరిత్ర వ్రాయదలచినవాడు మనుష్యుల రొమ్ములను చదవడం నేర్చుకోవాలి. ఈ చదువు ప్రపంచానికి ఎట్లా అలవడినది, సోనారివంటి పేటకు అది ఎంత ఆలస్యంగా చేరినది అనే విషయమే ఈ వ్యాసంలో చెప్పదలచినది.

1904వ సంవత్సరంలో భూగర్భశాస్త్రవేత్త ప్రమథనాథ బోసు మయూర్‌భంజ్ సంస్థానంలోని ఇనుపరాతి నిక్షేపాలను గూర్చి జంషెడ్జీ టాటాకు లేఖ వ్రాశారు. ఆ యేడే జంషెడ్జీ పరమపదించారు. ఆయన కుమారుడు దొరాబ్జీ, ఇంజనీరు చార్లెస్ పేజ్ పెరిన్ మొదలైనవారు వెదకి వెదకి, చివరకు రెండు నదుల నడుమ ఉన్న సాక్చి అనే పల్లెను ఎన్నుకొన్నారు. నీరు నదులలో ఉన్నది. ఇనుపరాయి దక్షిణాన ఉన్నది. బొగ్గు ఉత్తరాన ఝరియా గనులలో ఉన్నది. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి కాళీమాటి స్టేషను దగ్గరలోనే ఉన్నది. 1907లో కంపెనీ ఏర్పడినది. కర్మాగార నిర్మాణాన్నీ, తొలి పట్టణపు రూపరేఖలనూ అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరానికి చెందిన జూలియన్ కెన్నెడీ, ఆక్సెల్ సాలిన్‌ల సంస్థ సిద్ధం చేసినది. 1911 డిసెంబరులో ఇనుము, 1912 ఫిబ్రవరిలో ఉక్కు వెలువడినవి. 1919లో చెమ్స్‌ఫర్డ్ ప్రభువు వచ్చి సాక్చికి జంషెడ్‌పూరు అని పేరుపెట్టారు. ఈ పిట్స్‌బర్గ్ అనే పేరును పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలి. ఈ కథలో అది మరల రాగలదు.

1902లో జంషెడ్జీ తన కుమారునికి వ్రాసిన ఒక లేఖ సుప్రసిద్ధమైనది. వెడల్పైన వీధులు వేయాలని, త్వరగా పెరిగే నీడచెట్లు నాటాలని, పచ్చికబయళ్లకూ ఆటస్థలాలకూ చోటు విడవాలని, దేవాలయాలకూ మసీదులకూ చర్చిలకూ స్థలాలు కేటాయించాలని అందులో ఆయన కోరారు. ఆనాటి యజమానులలో అంతటి దూరదృష్టి అరుదు. ఆయన కోరిన వీధులు వెలిసినవి, చెట్లు పెరిగినవి. 1912లోనే ఎనిమిది గంటల పనిదినం వచ్చినది. 1958లో జవహర్‌లాల్ నెహ్రూ చేతులమీదుగా జూబిలీ పార్కు తెరవబడినది. ఇవన్నీ నిజమైన మేళ్లే. కాని ఆ ప్రసిద్ధ వాక్యాలలో పొగ మాట లేదు. దానికి ఆయనను నిందించడం న్యాయం కాదు. ఆ కాలాన పొగ చాలమందికి ఒక పెద్ద సమస్యగా తోచలేదు. అది సంపదకు పతాక.

మన తెలుగువారికీ అట్లాగే తోచినది. గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెలనుండి, ఒక వాన తప్పితే రెండేళ్లు కోలుకోలేని కుటుంబాలనుండి, యువకులు పలాసలోనో నౌపడలోనో రైలెక్కి, ఖర్గపురంలో బండి మారి ఈ నగరానికి వచ్చారు. వెనుకనే తమ్ములు, బావమరదులు వచ్చారు. బిష్టుపూరులో ఆంధ్రభక్త శ్రీరామమందిరం వెలిసినది. కద్మాలో, సోనారిలో తెలుగు మాట వినిపించసాగినది. పేదరికాన్ని గూర్చి చెప్పవలసివస్తే ‘వారింట పొయ్యిలో పిల్లి లేవలేదు’ అనే జాతి మనది. ఇంటికప్పుమీద పొగ కనిపిస్తే ఆ యింట అన్నం ఉడుకుతున్నదని అర్థం. అటువంటి కళ్లకు పగలూ రాత్రీ ఎడతెగక పొగచిమ్మే కర్మాగారం ఎన్నటికీ ఆరని పొయ్యిగా కనిపించడంలో వింత లేదు.

మన తార్కికులు అనుమానప్రమాణాన్ని వివరించేటప్పుడు ముందుగా చెప్పే ఉదాహరణ పొగయే. కొండమీద పొగ కనిపించినది కనుక అక్కడ నిప్పు ఉన్నదని ఊహించాలి. కార్మికుడు మరొక మెట్టు ముందుకు పోయినాడు. పొగ ఉన్నది కనుక పని ఉన్నది, పని ఉన్నది కనుక కూలి ఉన్నది. ఈ ఊహలో తప్పులేదు. తప్పల్లా ఊహ అక్కడితో ఆగిపోవడమే. పొగ ఉన్నచోట రోగం కూడ ఉండవచ్చుననే మూడవ మెట్టు ఎక్కడానికి మానవజాతికి చాలకాలం పట్టినది.

ఉక్కు తయారయ్యే క్రమాన్ని కొంచెం చూస్తే ఈ పొగ ఒక్కటి కాదనీ, అనేకమనీ తెలుస్తుంది. ముందుగా బొగ్గును గాలి చొరని గదులలో వేసి, వేయి డిగ్రీలకు మించిన వేడిమిలో గంటల తరబడి కాల్చి కోకు చేస్తారు. బొగ్గు పోసేటప్పుడు, కాలిన కోకును త్రోసేటప్పుడు, నీళ్లు చల్లి ఆర్పేటప్పుడు, తలుపుల సందులలోనుండి పసుపుపచ్చని పొగ వెలువడుతుంది. అందులో బెంజీను ఉన్నది, తారు ఆవిరి ఉన్నది, క్యాన్సరు కలిగించే బెంజోపైరీను ఉన్నది. తరువాత ఇనుపరాతి పొడిని ముద్దచేసే సింటరు ప్లాంటులో సన్నని దుమ్ము, గంధకపు వాయువు పుడతాయి. బ్లాస్టు ఫర్నేసు వాయువులో కార్బన్ మోనాక్సైడు నాలుగవ వంతు దాకా ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషిని చంపడానికి మాత్రం శక్తి ఉన్నది. ఇనుమును ఉక్కుగా మార్చేచోట ప్రాణవాయువు ఊదినప్పుడు తుప్పురంగు పొగ లేస్తుంది. ఇవి చాలవన్నట్లు విద్యుత్కేంద్రాల బూడిద, సిమెంటు ధూళి, లారీల పొగ, రోడ్ల దుమ్ము ఉండనే ఉన్నవి. గాలి తూర్పునుండి వీచేనాడు సోనారికి కర్మాగారపు పొగ వస్తుంది; నైరుతినుండి వీచేనాడు ఆదిత్యపురపు పొగ వస్తుంది. అసలు గాలి వీచని శీతకాలపు రాత్రులలో భూమిని అంటిన చల్లగాలిమీద వెచ్చని గాలి మూతవలె కూర్చుంటుంది. అప్పుడు ఎవరి పొగ వారి పేటలోనే నిలిచిపోతుంది.

మన దేశంలో పొగను గూర్చి శాసనాలు లేకపోలేదు. కలకత్తా, హౌరాలకు 1863లోనే ఒక చట్టం వచ్చినది. 1905లో బెంగాల్ రాష్ట్రానికి, 1912లో బొంబాయికి వేరువేరు చట్టాలు వచ్చినవి. వాటి పేర్లలోనే పొగను ఒక ‘ఉపద్రవం’ అన్నారు. అనగా వీధిలో చెత్త, రాత్రిపూట రొద ఎటువంటివో పొగ కూడ అటువంటిదే. అది తెల్లని గోడలను, ఆరవేసిన బట్టలను నలుపు చేస్తుంది. అంతకుమించి దానిమీద నేరం లేదు. ఆనాటి తనిఖీదార్లు బూడిదరంగు గళ్లు గీచిన రింగెల్మాన్ పటాన్ని చేతబట్టి, పొగగొట్టం వంక చూచి, పొగ ఎంత నల్లగా ఉన్నదో నిర్ణయించేవారు. కంటికి కనిపించనిది ఆ పటంలో లేదు. కంటికి కనిపించని దానివల్లనే ఎక్కువ హాని అని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ సంగతిని లోకానికి తెలియజేసినవి మూడు దుర్ఘటనలు. 1930 డిసెంబరులో బెల్జియం దేశపు మ్యూజ్ లోయలో, ఉక్కు, జింకు కర్మాగారాల నడుమ, పొగమంచు కొద్దిరోజులు కదలక నిలిచి సుమారు 60 మందిని బలిగొన్నది. 1948 అక్టోబరులో పిట్స్‌బర్గ్‌కు దగ్గరనున్న డొనోరా అనే చిన్న పట్టణంలో అదే జరిగినది. పధ్నాలుగు వేల జనాభాలో ఇంచుమించు ఆరువేలమంది జబ్బుపడ్డారు. 20 మంది మరణించారు. 1952 డిసెంబరులో లండన్ వంతు వచ్చినది. అక్కడ నాలుగువేలమంది మరణించారని మొదట లెక్కవేశారు. ఆ సంఖ్య పన్నెండువేల దాకా ఉండవచ్చునని తరువాతి పరిశోధకులు తేల్చారు. మొదటి రోజులలో చావులను గుర్తించినవారు వైద్యులకన్న శవపేటికలు చేసేవారు, పువ్వులమ్మేవారు అని ఆ నగరంలో చెప్పుకొంటారు. 1956లో బ్రిటిష్ పార్లమెంటు పరిశుద్ధవాయు శాసనం చేసినది.

దుర్ఘటన కళ్లు తెరిపిస్తుంది. కాని దుర్ఘటన లేని రోజులమాట ఏమిటి? లోకంలో ఎక్కువ రోజులు దుర్ఘటన లేని రోజులే. ఆ రోజులలో నెమ్మదిగా జరిగే హానిని లెక్కకట్టిన విద్య కూడ చాలవరకు పిట్స్‌బర్గ్ పరిసరాలనుండే రావడం చరిత్రలోని ఒక విచిత్రం. ఆ ప్రాంతపు ఉక్కు కార్మికుల మరణాలను ఏళ్ల తరబడి పరిశీలించి లాయిడ్ అనే పరిశోధకుడు 1971లో ఒక సంగతి బయటపెట్టినాడు. కోకు గదుల నెత్తిన నిలబడి ఏళ్లకొలది పనిచేసినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు ఇతర ఉక్కు కార్మికులకన్న పదింతలు ఎక్కువగా వస్తున్నది. 1976లో అమెరికా ప్రభుత్వం కోకు పొగకు ఒక హద్దు గీచినది. పిట్స్‌బర్గ్‌కు పడమట ఉన్న స్టూబెన్‌విల్ కూడ ఉక్కు ఊరే. ఆరు నగరాలలో ఎనిమిదివేలమందికి పైగా పెద్దలను పదునాలుగు, పదునారు సంవత్సరాలపాటు గమనించిన హార్వర్డు పరిశోధకులు 1993లో ప్రకటించిన ఫలితాలలో స్టూబెన్‌విల్‌ది మిక్కిలి మురికి గాలి. పొగత్రాగుడు మొదలైన ఇతర కారణాలను తీసివేసి చూచినా, మిక్కిలి శుభ్రమైన నగరంకన్న అక్కడ మరణాల వేగం నూటికి 26 వంతులు ఎక్కువ.

వీటన్నిటికంటె నా మనస్సుకు హత్తుకొన్నది యూటా లోయ కథ. అక్కడి జెనీవా ఉక్కు కర్మాగారం కార్మిక వివాదం కారణంగా 1986 ఆగస్టులో మూతపడి, పదమూడు నెలల తరువాత మరల తెరుచుకొన్నది. ఆర్డెన్ పోప్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు ఆస్పత్రుల పుస్తకాలు తెప్పించి పిల్లల పేర్లు లెక్కపెట్టినాడు. కర్మాగారం నడిచిన శీతకాలాలలో ఉబ్బసంతోను, శ్వాసనాళాల వాపుతోను ఆస్పత్రిలో చేరిన పిల్లలు, అది మూతపడిన శీతకాలంలో చేరినవారికన్న రెండుమూడింతలు ఉన్నారు. ఊరు అదే, చలి అదే, పిల్లలు అదే. మారినది పొయ్యి ఒక్కటే. పొయ్యి ఆరినది, పిల్లల రొమ్ములు తేరినవి. కాని ఆ శీతకాలమే ఆ పిల్లల తండ్రులకు జీతాలు లేని శీతకాలం. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన నిలిపి చూడనివాడు ఉక్కునగరం కష్టసుఖాలు ఎరుగడు.

జంషెడ్‌పూరులోనూ 1928లో నెలల తరబడి సమ్మె జరిగినది. సుభాష్ చంద్రబోసు వచ్చి కార్మికసంఘ నాయకత్వం వహించారు. ఆ సమ్మెను గూర్చి చరిత్రకారులు చాలా వ్రాశారు. కూలిరేట్లు, తొలగింపులు, నాయకుల స్పర్ధలు అన్నీ వ్రాశారు. ఆ నెలలలో బస్తీ పిల్లల దగ్గు తగ్గినదా అనే ప్రశ్న చరిత్రకు తట్టే కాలం కాదది. పొయ్యి కట్టే విద్య పిట్స్‌బర్గ్‌నుండి నాలుగైదేళ్లలో ఇక్కడికి వచ్చినది. పొయ్యివల్ల ఏమవుతుందో లెక్కకట్టే విద్య అదే సీమలో పుట్టడానికి అరవై ఏళ్లు పట్టినది. అక్కడినుండి మన బస్తీలకు చేరడం ఇంకా పూర్తికాలేదు.

ఆ విద్య నేడు చెప్పే సంగతి ఇది. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుకు మించని, రెండున్నర మైక్రాన్ల లోపు ధూళిని ముక్కు ఆపలేదు, గొంతు ఆపలేదు. అది ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతుంది. అందులో మిక్కిలి సన్ననిది నెత్తురులో కలుస్తుంది. అందువల్ల గాలి చెడితే చెడేది ఊపిరితిత్తులు మాత్రమే అనుకోవడం పొరపాటు. గుండెపోటు, పక్షవాతం, మధుమేహం, తక్కువ బరువుతో పుట్టే శిశువులు, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. 2013లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ బయటి గాలి కాలుష్యాన్నే క్యాన్సరు కారకంగా ప్రకటించినది. మన దేశంలో 2019లో గాలి కాలుష్యంవల్ల 16 లక్షల 70 వేల మరణాలు సంభవించాయని, అవి మొత్తం మరణాలలో నూటికి 18 వంతులకు దగ్గరని భారత వైద్య పరిశోధనమండలి పాల్గొన్న అధ్యయనం తెలిపినది.

ఈ లెక్కలో కర్మాగారపు పొగ ఒక్కటే లేదు. వంటింటి పొగ కూడ ఉన్నది. ఉక్కునగరాల బస్తీలలో బొగ్గు చౌకగా దొరికినది. సాయంకాలమైతే గుమ్మం బయట సిగిడీలు రగిలేవి. బొగ్గుపొడిని మట్టితో కలిపి ఉండలు చేసి, ఎండబెట్టి, వాటితో వంట చేసుకొనేవారు. భర్త పనికిపోయి ఒక పొగ పీల్చితే, భార్య ఇంటిపట్టున మరొక పొగ పీల్చేది. భర్త పొగకు యజమాని ఉన్నాడు, సంఘమున్నది, ఆస్పత్రి ఉన్నది. ఆమె పొగకు ఎవరున్నారు? 1980 దశకం తొలి సంవత్సరాలలో కిర్క్ స్మిత్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు గుజరాతు పల్లెలకు వచ్చి, వంటచేసే స్త్రీలకు కొలత యంత్రాలు తగిలించి, వారు పీల్చే ధూళిని లెక్కించిన తరువాతగాని ఆ పొగ శాస్త్రానికి కనిపించలేదు. 2016లో ఉజ్జ్వలా పథకం ద్వారా గ్యాసు కనెక్షన్లు పేదలకు చేరసాగినవి. 1990కి, 2019కి మధ్య ఇంటి పొగవల్ల సంభవించే మరణాల రేటు నూటికి 64 వంతులు తగ్గినదని పైన చెప్పిన అధ్యయనమే తెలుపుతున్నది. అదే కాలంలో బయటి గాలిలోని ధూళివల్ల సంభవించే మరణాల రేటు రెండింతలకు మించినది. ఒక పొయ్యి శాంతించినది, మరొకటి పెద్దదైనది.

మార్పు రాలేదని అనడం సత్యం కాదు. 1972లో స్టాక్‌హోం సభలో ఇందిరాగాంధీ పాల్గొన్నారు. 1981లో వాయుకాలుష్య నివారణ చట్టం వచ్చినది. భోపాల్ ఘోరం జరిగిన రెండేళ్లకు, 1986లో, పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చినది. జంషెడ్‌పూరులో 1983లో తొలి ఎల్.డి. ఉక్కుశాల నెలకొన్నది, తరువాత పాత ఓపెన్ హార్తు కొలుములు అంతరించినవి. పొగగొట్టాలకు ధూళిని పట్టే విద్యుత్ యంత్రాలు, సంచి వడపోతలు అమరినవి. ఉత్పత్తి 1950 దశకం చివరినాటి 20 లక్షల టన్నుల స్థాయినుండి నేడు కోటి టన్నులకు చేరినా, నల్లని పొగ మునుపటివలె కనిపించదు. కనిపించకపోవడమే ఇప్పటి చిక్కు. మన దేశం 2009లో సన్నని ధూళికి సాలీనా హద్దు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములని నిర్ణయించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో తన హద్దును 5కు దించినది. ఎనిమిదింతల ఈ తేడాలో మన ఊపిరి ఊగులాడుతున్నది. 2019లో జాతీయ పరిశుద్ధవాయు కార్యక్రమం మొదలైనది. పదిలక్షల జనాభా మించిన నగరాలకు గాలి బాగుచేయడానికి ఆర్థికసంఘం నిధులివ్వగా, జంషెడ్‌పూరు వాటిలో చేరినది.

నిధులు వచ్చినవి, యంత్రాలు వచ్చినవి. రావలసినది లెక్క. పెద్ద కర్మాగారంలో శాశ్వతోద్యోగి అయినవానికి ఆస్పత్రిలో ఒక ఫైలు ఉంటుంది. కాంట్రాక్టు కూలీకి, చిన్న కార్ఖానా పనివానికి, రోడ్డు ఊడ్చే స్త్రీకి ఫైలు ఎక్కడ? ఇదే తూర్పు సింగ్‌భూం జిల్లాలోని ముసాబనీ ప్రాంతంలో, ఉక్కు కొలుములకు లోపల పూతగా వేసే తెల్లరాతి పొడిని తయారుచేసే చిన్న మిల్లులలో పనిచేసి, సిలికోసిస్ పట్టి మరణించిన కూలీలు ఉన్నారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆ రోగాన్ని తప్పక తెలియజేయవలసిన రోగాల పట్టికలో చేర్చినది. తెలియజేయవలసినవాడు తెలియజేయకపోతే పట్టిక ఏమి చేయగలదు?

మన తెలుగువారి సంగతి మరింత ఆలోచింపదగినది. ముప్పైయేళ్లు కొలిమి దగ్గర పనిచేసి, పదవీవిరమణ చేసి, శ్రీకాకుళం జిల్లాలోని స్వగ్రామానికి చేరిన వృద్ధుని దగ్గు ఆ గ్రామంలో ముసలితనపు దగ్గుగానే చెలామణి అవుతుంది. పనిచేసిన ఊరిలో అతని చావుకు లెక్కలేదు. చనిపోయిన ఊరిలో అతను పీల్చిన గాలికి లెక్కలేదు. రెండు ఊళ్ల నడుమ రైలు నడుస్తున్నది కాని కాగితం నడవదు. వలసపోయినవారి రోగాలు ఇట్లా చరిత్రనుండి జారిపోతాయి. లాయిడు ఉన్నచోట అటువంటివారి పేర్లు వెదకి లెక్కపెట్టినాడు. మనచోట ఆ పని ఇంకా మిగిలియున్నది.

ఇది చదివి కర్మాగారాలు వద్దనే తీర్మానానికి ఎవరైనా వస్తే నేను ఒప్పుకోను. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని నినదించి 32 మంది ప్రాణాలర్పించిన జాతి మనది. కొలిమికోసం ప్రాణమిచ్చినవారి మనుమలు నేడు అదే విశాఖపట్నంలో రేవునుండి లేచే బొగ్గుదుమ్మును బాల్కనీలలో తుడుచుకొంటున్నారు. 2020 మే నెలలో అక్కడే ఒక రసాయన కర్మాగారంనుండి స్టైరీను ఆవిరి వెలువడి, వేకువజామున నిద్రలోనున్న పల్లెవాసులను కబళించినది. హక్కు అడిగినవారు ఉక్కును మాత్రమే అడిగినట్లు ఎందుకు భావించాలి? ఉక్కు చేసేవాడు బ్రతికి ఉండడం ఆ హక్కులో భాగం కాదా?

పొగను చూచి నిప్పును ఊహించమన్నారు మన తార్కికులు. కాలం మారినది. నేడు నిప్పు ఉన్నది, పొగ కంటికి కనిపించదు. కనుక ఊహను వెనుకనుండి మొదలుపెట్టాలి: పిల్లవాని ఉబ్బసాన్ని చూచి, తల్లి ఆయాసాన్ని చూచి, అకాలంగా ఆగిన గుండెను చూచి, అక్కడ పొగ ఉన్నదని గుర్తించాలి. అందుకు కావలసినది రింగెల్మాన్ పటం కాదు, సోనారిలోనూ, దానివంటి ప్రతి పేటలోనూ, వచ్చిన రోగిని ‘ఏ పని చేస్తావు, ఎక్కడ నివసిస్తావు, ఎన్నాళ్లనుండి’ అని అడిగి వ్రాసిపెట్టే ఒక పుస్తకం. యూటా లోయ పిల్లలను కాపాడిన సాక్ష్యం అటువంటి పుస్తకాలలోనే దొరికినది.

రాబోయే కార్తికంలో కూడ దోముహానిలో భక్తులు నీళ్లలో నిలుస్తారు. తూర్పున సూర్యుడు ఎర్రగా లేస్తాడు. అర్ఘ్యం విడిచే ముందు వారు నిండుగా ఒక ఊపిరి తీసుకొంటారు.